డెల్టా వాతావరణంలో పోస్ట్‌టెన్షన్డ్ కాంక్రీటు దూలాల మన్నిక – ఉప్పునీటి ప్రభావం

గోదావరి డెల్టాలో ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటుకు ప్రముఖ ఉదాహరణ, 97.55 మీటర్ల స్పాన్‌లు 28 గల రాజమహేంద్రవరం ఆర్చి రైలు వంతెన. ఇది 1997లో వినియోగంలోకి వచ్చింది. వంతెనలతోపాటు విశాలమైన గిడ్డంగులలోను ఈ విధానం అనుసరణీయం. కావున దీని మన్నిక వ్యవసాయ విస్తరణ శాస్త్రవేత్తలకు సైతం తెలియదగిన విషయం.

క్షీణత జరిగే తీరు

పోస్ట్‌టెన్షన్డ్ దూలంలో ముందుగా గొట్టాలు అమర్చి కాంక్రీటు పోస్తారు. అది గట్టిపడిన పిదప గొట్టాలలోని ఉక్కు తీగలను జాకీలతో లాగి, చివరల బిగించి, సిమెంటు గ్రౌటు నింపుతారు. కాంక్రీటుకు గల అధిక క్షారగుణం (ఉదజని సూచిక 12కు పైన) ఉక్కుపై రక్షక పొరను నిలుపుతుంది. క్లోరైడు అయానులు ఈ పొరను ఛేదిస్తాయి. తేమ, ఆక్సిజన్ తోడైనచో తుప్పు మొదలవుతుంది. గ్రౌటు నిండని ఖాళీలు దీనికి ఆటపట్టు.

సాధారణ ఆర్.సి.సి. దూలంలో తుప్పు ఉబ్బి, పగుళ్లు, పెచ్చులు కనిపిస్తాయి. పోస్ట్‌టెన్షన్డ్ దూలంలో తీవ్రమైన లాగుడులో ఉన్న తీగకు చిన్న గుంట ఏర్పడినను అది తెగవచ్చును. పైకి ఏ సూచనా ఉండకపోవచ్చును. 1953లో కట్టిన వేల్స్‌లోని ఇనిస్-ఇ-గ్వాస్ వంతెన 1985లో ముందస్తు హెచ్చరిక లేకుండానే కూలింది. గోవాలోని మాండవి వంతెన 1986లో కూలుటకును ఉక్కు తుప్పే కారణం.

డెల్టాలో పరిస్థితి

తణుకు పరిసరాలలో కాలువల మంచినీరు లభ్యం. దిగువన భీమవరం, నరసాపురం వైపు రొయ్యల చెరువుల ఉప్పునీరు, సముద్రపు గాలి రెండూ కలవు. గిడ్డంగులలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కూడ క్లోరైడు లవణమే. ఒలికిన ఎరువు తేమను పీల్చి కాంక్రీటులోనికి దిగుతుంది.

సూచనలు

1. ఐ.ఎస్. 456:2000 ప్రకారం ఆర్.సి.సి. పనికి వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదు. సాగునీటి పరీక్షా నివేదికల భాషలో ఇది సుమారు 14 మిల్లీ ఈక్వివలెంట్లు.
2. ఘనమీటరు కాంక్రీటులో మొత్తం క్లోరైడు ఆర్.సి.సి.కి 0.6 కిలోలు, ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటుకు 0.4 కిలోలు మించరాదు.
3. విద్యుద్వాహకత మొత్తం లవణాలనే తెలుపును. క్లోరైడును సిల్వర్ నైట్రేటు టైట్రేషన్‌తో విడిగా నిర్ధారించవలెను.
4. దూలపు చివరల, అతుకుల వద్ద నీటి కారుడును ప్రతి వర్షాకాలానంతరం పరిశీలించవలెను.

ముగింపు

బోరునీరు పైరుకు పనికివచ్చినంత మాత్రాన కాంక్రీటుకు పనికివచ్చునని భావించరాదు. భూసార, నీటి పరీక్షా కేంద్రాలలో చేయగల స్వల్ప పరీక్ష, పైకి కనబడని ప్రమాదాన్ని నిర్మాణానికి ముందే నివారింపగలదు.