మీకు తెలుసా? గీజర్ తాగే కరెంటుతో స్కూటర్ మీద ఊరు చుట్టి రావచ్చు!

పొద్దున్నే గీజర్ అరగంట వేశారా? అయితే 1 యూనిట్ కాలింది! అదే యూనిట్‌ను ఎలక్ట్రిక్ స్కూటర్‌కు పెట్టండి. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి మంగళగిరి వెళ్లి, పానకాల స్వామికి దండం పెట్టుకుని, తిరిగి ఇంటికి వచ్చేయొచ్చు! అదీ ఒక్క యూనిట్‌తో!

లీటరు పెట్రోలులో ఎంత శక్తి దాగి ఉందో తెలుసా? దాదాపు 9 యూనిట్ల కరెంటుకు సమానం! ఆ లెక్కన లీటరు పోస్తే మామూలు స్కూటర్ రెండు వందల కిలోమీటర్లు సునాయాసంగా దాటాలి. మరి నలభై అయిదు దగ్గరే ఎందుకు ఆగిపోతోంది? బండి దిగేటప్పుడు సైలెన్సర్ తగిలి ఎప్పుడైనా కాలు చుర్రుమందా? అదిగో, మీరు కొన్న పెట్రోలులో చాలా భాగం ఆ వేడిలోనే పోయింది! చక్రం దాకా చేరేది కొంచెమే!

ఇప్పుడు జేబు సంగతి. 2025లో హైదరాబాద్ బంకుల్లో లీటరు 107 రూపాయలు దాటే ఉంది. అంటే పెట్రోలు స్కూటర్ మీద వంద కిలోమీటర్లు తిరిగితే 238 రూపాయలు! ఎలక్ట్రిక్ స్కూటర్‌కైతే ఎంతో ఊహించండి. తెలంగాణలో ఇంటి మీటరు 101–200 యూనిట్ల శ్లాబులో ఉంటే యూనిట్ 4 రూపాయల 80 పైసలే. వంద కిలోమీటర్లకు అయ్యేది 16 రూపాయలు! హోటల్లో ఒక చాయ్ డబ్బులు!

స్కూటర్ బ్యాటరీలో పట్టేది 3 యూనిట్లే. కానీ మీటరు మీద తిరిగేది 3.4 దాకా! తేడా ఎక్కడికి పోయింది? చార్జర్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా తగులుతుంది. అక్కడికే! పైన చెప్పిన 16 రూపాయల్లో ఆ నష్టం కూడా కలిపే ఉంది లెండి.

ఆంధ్రలో 400 యూనిట్లు దాటాక ఇళ్లకు యూనిట్ ధర 9 రూపాయల 75 పైసలు. ఇళ్ల శ్లాబుల్లో అన్నిటికంటే ఖరీదైనది ఇదే! సుంకాలు, సర్దుబాటు చార్జీలు వేరు. ఈ ధరకు చార్జ్ చేసినా స్కూటర్ వంద కిలోమీటర్లకు 33 రూపాయలే! ఆ డబ్బు పట్టుకుని బంకుకు వెళ్తే అర లీటరు నీళ్ల సీసా కూడా నిండదు!

తెలంగాణ వాళ్లు కాస్త దగ్గరికి రండి. ఇది చెవిలో చెప్పాల్సిన మాట! నెలకు సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. ఇంకొక్క యూనిట్ కాల్చండి. 1,027 రూపాయలు! ఒక్క యూనిట్‌కు రెండు వందలు పైగా! ఎందుకంటే 200 దాటగానే మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది.

గృహజ్యోతి ఉచిత కరెంటు పథకం ఉన్న ఇంట్లో ఈ గీత ఇంకా పదునైనది! 200 లోపు ఉంటే బిల్లు సున్నా. స్కూటర్ తిరిగినదంతా ఉచితమే! దాటితే మాత్రం మొత్తం బిల్లూ మీదే. స్కూటర్ నెలకు ఆరు వందల కిలోమీటర్లు తిరిగితే తినేది దాదాపు 20 యూనిట్లు. ఇప్పటికే 185 కాలుస్తున్న ఇంటికి ఆ ఇరవయ్యే గండం! రీడింగ్ తీసేవాళ్లు వచ్చేలోపు మీటరు ఒకటి రెండుసార్లు చూసుకోండి, దయచేసి! వేసవిలో అయితే మరీ ముఖ్యం.

ఎలక్ట్రిక్ కారు సంగతో? ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గు ఉంటే చాలు. గంటకు 3 యూనిట్ల దాకా ఎక్కుతుంది. రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి నూట యాభై కిలోమీటర్లు పైనే సిద్ధం!

అదే కారును హైవే మీద ఫాస్ట్ చార్జర్‌కు పెడితే? యూనిట్‌కు 20 రూపాయల దాకా తీసుకునేవి ఉన్నాయి! ఇంటి ధరకు రెట్టింపు పైనే! లాభమంతా ఇంటి గోడకున్న ప్లగ్గులోనే ఉందని నేను గట్టిగా చెప్తాను.

అమెరికాలో మీ వాళ్లున్నారా? కాలిఫోర్నియాలో ఇంటి కరెంటు యూనిట్ సగటున 30 సెంట్లు దాటిపోయింది! సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో అందులో సగం కూడా కాదు! అదే కారు, అదే దూరం. ఈసారి ఫోన్ చేసినప్పుడు యూనిట్ ఎంతని అడగండి!

డాబా మీద 1 కిలోవాట్ సోలార్ పలకలు వేశారా? మంచి ఎండ ఉన్న రోజున 4 యూనిట్ల దాకా ఇస్తాయి. స్కూటర్‌కు అది వంద కిలోమీటర్ల పైమాటే! మన ఎండలకు ఇంతకంటే మంచి ఉపయోగం నాకు తోచడం లేదు!

అన్నిటికంటే నాకు నచ్చింది తిరుమల కొండ! ఒకటిన్నర టన్నుల కారు తిరుపతి నుంచి దాదాపు ఏడు వందల మీటర్ల ఎత్తు ఎక్కాలి. ఆ ఎత్తుకు మోయడానికే 3 యూనిట్లకు దగ్గరగా ఖర్చు! దర్శనం అయింది. దిగుతున్నారు. ఎక్సలరేటర్ మీద నుంచి కాలు తీయగానే మోటారే డైనమో అవుతుంది! పోసిన కరెంటులో కొంత వెనక్కి వస్తుంది! పెట్రోలు కారు ఎన్ని వంపులు దిగినా ట్యాంకులోకి ఒక్క చుక్క తిరిగి రాదు కదా! 2022 నుంచి ఈ దారిలో ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి. ఒక్క రహస్యం గుర్తుంచుకోండి. కొండ మీదే బ్యాటరీ 100 శాతం నింపేసి బయల్దేరకండి. వెనక్కి వచ్చే కరెంటుకు చోటే ఉండదు! కాస్త ఖాళీ ఉంచుకుని దిగండి. అలిపిరి దగ్గరికి వచ్చేసరికి స్క్రీన్ మీద అంకె పెరిగి ఉంటుంది!