కిటికీలోంచి చూసిన కంప్యూటర్

మా నాన్న తొమ్మిదో తరగతిలో ఉండగా వాళ్ల స్కూల్‌కి కంప్యూటర్లు వచ్చాయి. వాటిని ఆయన ఎక్కువగా కిటికీలోంచే చూశారు.

గదికి ఎప్పుడూ తాళం. ఉన్నవి రెండే. పాడైపోతాయేమోనని పెద్దవాళ్లకి భయం. మాస్టారు ఆన్ చేసినప్పుడు ముందు ‘బూ...’ అని, వెంటనే ‘పీప్’ అని చప్పుడు వచ్చేదట. ఏడాది మొత్తమ్మీద నాన్నకి కీబోర్డు మీద చెయ్యి వేసే అవకాశం రెండుసార్లు దొరికింది. రెండోసారి తన పేరు సగం టైప్ చేసేసరికి బెల్లు కొట్టేశారు.

ఈ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నేను బీటెక్‌లో చేరినప్పుడు విన్నాను, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చినప్పుడు మళ్లీ విన్నాను. ఇంతకీ అది ఏ కంప్యూటర్ అని మాత్రం ఎప్పుడూ అడగలేదు. మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అడిగా. ‘‘పేరు గుర్తు లేదురా. కీబోర్డు పై వరసలో ఎర్ర మీటలు ఉండేవి’’ అన్నారు. ఆ ఎర్ర మీటలే పట్టించేశాయి. అది బీబీసీ మైక్రో.

కేంబ్రిడ్జి నుంచి మన బడికి

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో ఏకార్న్ అనే చిన్న కంపెనీ ఉండేది. జనానికి కంప్యూటర్ నేర్పే టీవీ కార్యక్రమం కోసం బీబీసీకి ఒక యంత్రం కావాల్సి వస్తే, సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ లాంటి ఇంజినీర్లు దాన్ని తయారుచేశారు. 1981 డిసెంబర్‌లో మార్కెట్లోకి వచ్చింది. ఇప్పుడు మన ఫోన్లలో ఉండే ఏఆర్‌ఎమ్ ప్రాసెసర్‌కి పుట్టిల్లు కూడా అదే కంపెనీ.

మన దేశానికి అది ప్రభుత్వం ద్వారా వచ్చింది. 1984-85లో కేంద్రం ‘క్లాస్’ అనే పథకం మొదలుపెట్టి దాదాపు 250 స్కూళ్లకి బీబీసీ మైక్రోలు ఇచ్చింది. తర్వాత సెమీకండక్టర్ కాంప్లెక్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ అదే డిజైన్‌తో ‘యూనికార్న్’ పేరిట మన దగ్గరే తయారుచేసింది.

ఆ పాత యంత్రాల్ని ఇప్పటి కంప్యూటర్‌లో అచ్చంగా నడిపించే ఎమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతాయి. పండగ మర్నాడు నా ల్యాప్‌టాప్‌లో ఒకటి తెరిచి నాన్నని పిలిచా. ‘బూ... పీప్’ అంది. ఆయన ఏమీ మాట్లాడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఒక్కో వేలితో వెతుక్కుంటూ తన పేరు మొత్తం టైప్ చేశారు. ఇంటిపేరుతో సహా.

బొమ్మకి అద్దె

ఆ తర్వాత అసలు ప్రశ్న వేశారు. ‘‘దీంట్లో బొమ్మలు కూడా వేసేవాళ్లురా. ఎంత మెమరీ ఉండేదేంటి?’’

ముప్ఫై రెండు కేబీ. అంటే 32,768 బైట్లు. ప్రోగ్రామూ, దాని లెక్కలూ, తెర మీద కనిపించే బొమ్మా... అన్నీ అందులోనే సర్దుకోవాలి.

తెర అంటే చుక్కలు. ఒక్కో చుక్క వెలగాలా వద్దా అని గుర్తుపెట్టుకోవడానికి ఒక బిట్ కావాలి. ఎనిమిది బిట్లు ఒక బైట్. బీబీసీ మైక్రోలో అన్నిటికన్నా నాణ్యమైన తెర ‘మోడ్ 0’. అడ్డంగా 640 చుక్కలు, నిలువుగా 256. గుణిస్తే 1,63,840 బిట్లు, అంటే 20 కేబీ. ఉన్న 32లో 20 తెరకే పోయింది! యంత్రం తన సొంత అవసరాలకి ఇంకో మూడున్నర కేబీ ఉంచుకుంటుంది. క్యాసెట్ వాడే యంత్రంలో మీ ప్రోగ్రామ్‌కి మిగిలేది ఎనిమిదిన్నర కేబీ. 

మోడ్ 0లో రెండే రంగులు. నాలుగు రంగులు కావాలంటే మోడ్ 1 ఉంది, కానీ చుక్కలు అడ్డంగా 320కి తగ్గిపోతాయి. అదీ 20 కేబీయే. కాస్త పొదుపు చేద్దామంటే మోడ్ 4: 320 చుక్కలు, రెండు రంగులు, 10 కేబీ. అచ్చం అద్దె ఇల్లు వెతికినట్టే. గదులు కావాలా, గాలి కావాలా తేల్చుకోవాలి.

ఈ మోడ్‌లన్నీ కంపెనీ ఇచ్చినవి. చాలామంది వాటిల్లో ఏదో ఒకటి ఎంచుకుని సర్దుకుపోయారు. కొంతమంది మాత్రం ‘మాకు నచ్చిన మోడ్ మేమే తయారు చేసుకుంటాం’ అన్నారు.

లిస్టులో లేని మోడ్

అదెలా కుదురుతుంది? ఇక్కడ పాత టీవీ ఎలా పనిచేసేదో కాస్త చెప్పాలి. దాని వెనకాల ఉండే ఎలక్ట్రాన్ కిరణం, మనం పుస్తకం చదివినట్టు, ఎడమ నుంచి కుడికి ఒక గీత గీసి, కిందికి దిగి, ఇంకో గీత గీస్తుంది. అలా పైనుంచి కిందిదాకా సెకనుకి 50 సార్లు. ఒక్కో గీతకి పట్టే టైము 64 మైక్రోసెకన్లు.

ఏ గీతలో ఎన్ని అక్షరాల వెడల్పు చూపించాలి, మొత్తం ఎన్ని వరసలు, మెమరీలో ఎక్కణ్నుంచి చదవాలి... ఇవన్నీ చూసుకునేది 6845 అనే చిప్. దాని లోపల చిన్న చిన్న గళ్లు, ఒక్కో గడిలో ఒక్కో అంకె. ‘మోడ్’ అంటే ముఖ్యంగా ఆ గళ్లలో ఉన్న అంకెలే. వాటిని మనం కూడా మార్చొచ్చు. 

మీరూ చేసి చూడొచ్చు. ఎమ్యులేటర్‌లో మోడ్ 4కి వెళ్లి ‘వీడీయూ 23,0,1,32,0;0;0;’ అని కొట్టండి. ఒకటో నంబరు గడిలో 40 తీసేసి 32 పెట్టమని దానర్థం. 320 చుక్కల వెడల్పు 256 అయిపోతుంది.

మేమూ అదే చేశాం. తర్వాత నాన్న పేరు లైనుకొకటి చొప్పున వచ్చేలా చిన్న ప్రోగ్రామ్ రాశా. పేర్లు ఒకదాని కింద ఒకటి రాలేదు. ఒక్కోటీ ఎనిమిది అక్షరాలు కుడికి జరిగి, మెట్లు దిగినట్టు దిగి, ఐదో లైనుకి మళ్లీ ఎడమ వైపుకి వచ్చింది. ‘‘పాడు చేశావురా’’ అన్నారు నాన్న, నలభై ఏళ్ల కిందటి మాస్టారి గొంతుతో.

పాడవలేదు. చిప్ 32 అక్షరాలకి వరస మారుస్తోంది. అక్షరాలు రాసే సాఫ్ట్‌వేర్ మాత్రం వరసకి 40 అనే అనుకుంటోంది. మోడ్ మార్చడం ఒక్క లైను పని. ఆ మోడ్‌లో అక్షరం పెట్టడం, గీత గీయడం అన్నీ మళ్లీ మనమే రాసుకోవాలి.

ఇద్దరు కుర్రాళ్ల లెక్క

ఆ కష్టం పడ్డవాళ్లలో అందరికన్నా పేరొచ్చింది డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్‌లకి. ఇద్దరూ కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న కుర్రాళ్లే. 1984 సెప్టెంబర్‌లో వాళ్ల ఆట ‘ఎలైట్’ వచ్చింది. అంతరిక్షంలో ఓడ నడుపుతూ వ్యాపారం చేసుకోవాలి. ఎనిమిది నక్షత్ర మండలాలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాలు. 

వాళ్లకి పైన నల్లటి ఆకాశంలో సన్నటి తెల్లగీతలు కావాలి. కింద ఓడ ప్యానెల్‌లో రంగులు కావాలి. తక్కువ మెమరీ తీసుకునే ఏ ఒక్క మోడ్‌లోనూ రెండూ కుదరవు. అందుకని సొంతంగా ఒకటి తయారుచేసుకున్నారు.

మొదట వెడల్పు 256కి తగ్గించారు. వరసలు 32 నుంచి 31 చేశారు. మొత్తం తెరకి 7,936 బైట్లు చాలు. మోడ్ 4తో పోలిస్తే 2,304 బైట్లు మిగిలాయి. ఇంకో లాభం కూడా ఉంది. ఈ ప్రాసెసర్ ఒక్కసారికి 0 నుంచి 255 వరకే లెక్క పెట్టగలదు, గుణకారం దానికి రాదు. వరసకి సరిగ్గా 256 బైట్లు ఉంటే, ఏ చుక్క మెమరీలో ఎక్కడుందో తెలుసుకోవడానికి గుణించక్కర్లేదు. వరస నంబరే చిరునామాలో సగం అయిపోతుంది.

ఇక రంగుల సంగతి. కిరణం మొదటి 192 గీతలు గీసేదాకా తెర మోడ్ 4 పద్ధతిలో నడుస్తుంది. సరిగ్గా అక్కడ ఒక టైమర్ గంట కొడుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని ఆపి, ఇంకో వీడియో చిప్‌కి ‘ఇక మోడ్ 5లా చదువు’ అని చెప్తుంది. పైన ఒక బైట్‌ని ఎనిమిది తెల్ల చుక్కలుగా చదివిన చిప్, కింద అదే సైజు బైట్‌ని నాలుగు రంగు చుక్కలుగా చదువుతుంది. కిరణం మళ్లీ పైకి వెళ్లగానే పాత పద్ధతి. సెకనుకి 50 సార్లు ఇదే తంతు. చూసేవాళ్లకి ఒకటే తెర.

నేనూ ఒక రాత్రి కూర్చుని ప్రయత్నించా. 192 గీతలు, ఒక్కోటీ 64 మైక్రోసెకన్లు, మొత్తం 12,288. టైమర్‌లో పెట్టా. రంగులు దాదాపు 40 గీతలు ముందే వచ్చేశాయి. గంటసేపు తల బాదుకున్నాక అర్థమైంది. టీవీకి ‘పైకి వెళ్లు’ అనే సంకేతానికీ, మనకి కనిపించే మొదటి గీతకీ మధ్య కనిపించని గీతలు కొన్ని ఉంటాయి. వాటిని నేను లెక్కలో వేయలేదు.

నాన్న ఫోన్

ఇదంతా సరదా కోసం మొదలుపెట్టా. కానీ అదే వారం ఒక సంగతి జరిగింది. నేను పనిచేసే యాప్ నాన్న ఫోన్‌లో తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతోంది. ఆయనది రెండు జీబీ పాత ఫోన్. ఇలాంటి ఫిర్యాదులు మా టీమ్‌కి ఎప్పణ్నుంచో వస్తున్నాయి. ‘పాత ఫోన్లు కదా, కొత్తది కొనుక్కోవాలి’ అని మేం పక్కన పెట్టేస్తాం. పెట్టినవాళ్లలో నేనూ ఉన్నా.

ఈసారి కాగితం తీసుకుని గుణించా. మా యాప్‌లో బొటనవేలంత ఫొటోలు వరసగా కనిపిస్తాయి. కానీ మేం లోపల తెరుస్తున్నది 4000 × 3000 చుక్కల అసలు ఫొటోని. చుక్కకి నాలుగు బైట్లు. ఒక్క ఫొటోకి 4.8 కోట్ల బైట్లు. దాదాపు 1,465 బీబీసీ మైక్రోల మెమరీ, బొటనవేలంత బొమ్మకి! అలాంటివి ఇరవై తెరిస్తే ఒక జీబీకి దగ్గరపడుతుంది. మరి ఆ ఫోన్ ఏం చేస్తుంది పాపం?

తెర మీద కనిపించే సైజుకి, అంటే 300 × 225కి, తగ్గించి తెరిస్తే ఒక్కోటి 2.7 లక్షల బైట్లే. ఇరవైకీ కలిపి 54 లక్షలు. మార్చాల్సిన కోడ్ పది లైన్లు కూడా లేదు. నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నా ఈ గుణకారం ఒక్కసారి కూడా చేయలేదు. నా ల్యాప్‌టాప్‌లో, నా కొత్త ఫోన్‌లో ఎప్పుడూ ఆగలేదు కాబట్టి అవసరమే రాలేదు.

బ్రేబెన్, బెల్ నాకన్నా తెలివైనవాళ్లే, కాదనను. కానీ వాళ్లకి ఇంకోటి కూడా ఉంది. ఆ ఆట ఆడేవాడి దగ్గర ఉన్నది 32 కేబీయే అని ప్రతి బైట్ దగ్గరా గుర్తుంది. ఇంకో యంత్రం కొనుక్కోమని చెప్పే వీలు వాళ్లకి లేదు. నాకు ఉంది, అందుకే చెప్పేశా. ఎవరికి? కంప్యూటర్‌ని కిటికీలోంచి చూసిన మనిషికి.

మార్పు చేసి, టీమ్‌ని ఒప్పించి, కొత్త వెర్షన్ విడుదల చేయడానికి మూడు వారాలు పట్టింది. ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి, అప్‌డేట్ చేసి చూడమన్నా. కాసేపు చప్పుడు లేదు. తర్వాత నాన్న అన్నారు:

‘‘ఆ... ఇప్పుడు తెరుచుకుందిరా.’’