వైఫై ఆగకూడదంటే వైర్‌లెస్ స్విచ్‌లో ఏం చూడాలి?

పెనుబల్లి లాంటి మండల కేంద్రాల్లో ఇప్పుడు నెట్ లేనిదే ఏ పనీ నడవదు. మీసేవలో ఆదాయం సర్టిఫికెట్, బ్యాంకులో వేలిముద్ర, కాలేజీలో ఆన్‌లైన్ దరఖాస్తు, అన్నీ దాని మీదే ఆధారం. ‘నెట్ లేదు, రేపు రండి’ అనే మాట వింటే తండా నుంచి వచ్చిన మనిషికి ఆ రోజు కూలీ, ఆటో కిరాయి రెండూ పోయినట్టే. ఒక్కోసారి బయటి లైను బాగానే ఉంటుంది, చెడిపోయేది ఆ బిల్డింగ్‌లోని వైఫై. అందుకే పది, ఇరవై వైఫై పెట్టెలు పెట్టే స్కూళ్లు, హాస్పిటళ్లు, ఆఫీసులు కొనే ముందే కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

ఇంట్లో ఒక రౌటర్ చాలు. పెద్ద బిల్డింగ్‌లో గదికో యాక్సెస్ పాయింట్ పెడతారు. ఒక్కోదాన్ని విడిగా సెట్ చేసుకుంటూ పోతే తల ప్రాణం తోకకొస్తుంది. అన్నిటినీ ఒకే చోట నుంచి నడిపే పెట్టే వైర్‌లెస్ స్విచ్. దీన్నే కంట్రోలర్ అని కూడా అంటారు. 2002లో సింబల్ టెక్నాలజీస్ కంపెనీ ఈ తరహా స్విచ్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది. పాస్‌వర్డ్ మార్చాలన్నా, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా ఒక్క చోట చేస్తే చాలు. అయితే అన్నీ ఒకే పెట్టె మీద ఆధారపడితే, అది పడిపోయినప్పుడు అన్నీ పడిపోతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

దీనికి మందు ‘స్టాండ్‌బై’. రెండో స్విచ్ పక్కనే సిద్ధంగా ఉంటుంది. మొదటిది బతికే ఉందా అని క్షణక్షణం పలకరిస్తుంటుంది. జవాబు రాకపోతే పని తాను అందుకుంటుంది. రెండు స్విచ్‌లు కొనే స్తోమత లేనివాళ్లు ఒక సంగతి అడగాలి: స్విచ్ ఆగినా యాక్సెస్ పాయింట్లు సొంతంగా పని చేస్తూ ఉంటాయా? ఈ సదుపాయం ఉన్నవాటిలో, ముందే కనెక్ట్ అయిన ఫోన్లు మామూలుగా నడుస్తూనే ఉంటాయి. అలాగే ఒక యాక్సెస్ పాయింట్ చెడితే, పక్కవి సిగ్నల్ బలం పెంచి ఆ ఖాళీని కొంతవరకు పూడ్చేలా ఉండాలి.

తర్వాతది కరెంటు. పవర్ ఓవర్ ఈథర్‌నెట్ పద్ధతిలో డేటాతో పాటు కరెంటు కూడా ఒకే కేబుల్‌లో వెళ్తుంది. 2003 నాటి ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టు 15.4 వాట్లు, 2009 ప్రమాణం ప్రకారం 30 వాట్ల దాకా ఇస్తుంది. కేబుల్ పొడవు 100 మీటర్లు దాటకూడదు. లాభం ఏంటంటే, కరెంటు ఇచ్చే స్విచ్‌కు ఒక్క యూపీఎస్ పెడితే యాక్సెస్ పాయింట్లన్నీ దాంతోనే నడుస్తాయి. ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కు మాత్రం రాగి కేబుల్ బదులు ఫైబర్ లాగడం మంచిది. పిడుగు దెబ్బ రాగి తీగ వెంట పాకుతుంది, గాజు తీగ వెంట పాకదు.

ఎండనూ మర్చిపోవద్దు. ఆఫీసుల కోసం చేసిన చాలా స్విచ్‌లు 40 డిగ్రీల వేడి వరకే తట్టుకుంటాయి. మన ఖమ్మం మే నెలలో రేకుల గదిలో గాలి ఆడని బీరువాలో పెడితే ఎంత మంచి కంపెనీదైనా నిలవదు.

ఇక నిర్వహణ. మంచి స్విచ్ చెడిపోయే ముందే చెబుతుంది. వేడి పెరిగినా, ఫ్యాన్ ఆగినా, లింకు తెగినా ఎస్‌ఎన్‌ఎమ్‌పీ పద్ధతిలో నిర్వాహకుడి కంప్యూటర్‌కు హెచ్చరిక పంపుతుంది. జరిగిన ప్రతి సంగతినీ టైముతో సహా లాగ్‌లో రాస్తుంది. గడియారం తప్పైతే ఆ లాగ్ ఎందుకూ పనికిరాదు. అందుకే ఎన్‌టీపీ సర్వర్‌తో టైము కలపాలి. కేంద్రానికి చెందిన సెర్ట్-ఇన్ సంస్థ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో సంస్థలు లాగ్‌లను 180 రోజులు దాచాలని, గడియారాలు సరిగ్గా కలపాలని స్పష్టంగా చెప్పింది.

రెండు సాఫ్ట్‌వేర్ కాపీలు ఉంచుకునే వీలు కూడా చూడండి. కొత్తది ఎక్కిస్తుండగా కరెంటు పోతే పాతదానితో మళ్లీ లేస్తుంది. సెట్టింగ్‌ల బ్యాకప్ వేరే చోట దాచండి. అది ఉంటే పెట్టె మార్చినా కాసేపట్లో పని మొదలవుతుంది. లేకపోతే సెట్టింగ్‌లన్నీ మొదటి నుంచి పెట్టుకోవాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చేయాలి. చూసేవాళ్లకు వేరుగా, మార్చేవాళ్లకు వేరుగా లాగిన్ ఉండాలి.

ఒక్కటి గుర్తుంచుకోండి. రోడ్డు తవ్వకంలో ఫైబర్ తెగితే ఏ స్విచ్ కూడా నెట్ పుట్టించలేదు. దానికి సిమ్‌తో నడిచే రెండో కనెక్షన్ ఉండాల్సిందే. కొనేటప్పుడు షాపువాడిని స్పీడ్ ఎంత అని ఒక్కటే అడక్కండి. “ఇది పడిపోతే ఏమవుతుంది, ఎవరికి తెలుస్తుంది, ఎంతసేపట్లో లేస్తుంది?” అని అడగండి. ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన దాన్నే తీసుకోండి.