చిన్న డీజిల్ కారు ఇంజను: దాని గుణములు, పోషణము

గోదావరి డెల్టా రైతునకు ఇంజను క్రొత్త వస్తువు కాదు. మురుగు కాలువల చెంతను, బోరుబావుల చెంతను, చేపల చెరువుల గట్లమీదను నీరు తోడు డీజిల్ ఇంజనును మనవారు చిరకాలముగా ఎరుగుదురు. దాని చప్పుడును బట్టియే దాని ఆరోగ్యము చెప్పగలవారు ప్రతి గ్రామమునను ఉన్నారు. కాని కారులో నుండు చిన్న డీజిల్ ఇంజను ఆ జాతిదే యైనను స్వభావమున మిక్కిలి వేరు. నీళ్ల ఇంజను ఓర్చుకొను అశ్రద్ధను ఇది ఓర్వదు. పాత డీజిల్ కారు కొనదలచిన సభ్యులు దానిని గూర్చి మమ్ము తరచుగా అడుగుచున్నారు. పంట సొమ్మో, అప్పు సొమ్మో వెచ్చించువారు ముందుగా తెలిసికొనదగిన సంగతులు కొన్ని యిచట వ్రాయుచున్నాము.

డీజిల్ అనునది మొదట ఒక మనుష్యుని పేరు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గు పట్టణమున తన ఇంజనును జయప్రదముగా నడిపి చూపెను. 1900లో పారిసు ప్రదర్శనమున ఈ జాతి ఇంజనొకటి వేరుశనగ నూనెతో నడిచినది. గాలిని గట్టిగా అదిమినచో అది వేడెక్కును. ఆ వేడి గాలిలోనికి నూనెను చిమ్మినచో అగ్గి యక్కరలేకయే మండును. ఇదియే దీని మూలసూత్రము. ప్రయాణపు కార్లలో దీనిని అమర్చి అమ్మజూపిన మొదటివానిలో 1936 నాటి మెర్సిడెస్ బెంజ్ 260 డి ప్రసిద్ధమైనది.

ఇంజను వివరములు

మన దేశమున ఎక్కువగా వ్యాపించిన చిన్న డీజిల్ ఇంజను ఫియట్ వారి 1.3 మల్టీజెట్. దీనిని ఫియట్, జనరల్ మోటార్స్ కంపెనీలు కలిసి రూపొందించగా 2003లో వెలువడెను. 2005లో అంతర్జాతీయ బహుమతుల యందు 1 నుండి 1.4 లీటర్ల తరగతిలో ఇది ప్రథమముగా నిలిచెను. మన దేశమున 2007లో స్విఫ్టు కారుతో మారుతీవారు దీనిని ప్రవేశపెట్టిరి. తరువాత డిజైర్, రిట్జ్, ఎర్టిగా కార్లలోను, టాటా వారి ఇండికా విస్టాలోను, ఫియట్ పుంటోలోను ఇదే ఇంజను వేర్వేరు పేర్లతో నడిచినది. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలునకు వచ్చుటతో మారుతీవారు డీజిల్ కార్లను విరమించిరి. కావున ఈ ఇంజనుగల మారుతీ కార్లు నేడు అంగడిలో దొరకునవన్నియు ఒకరు వాడి విడిచినవే.

ఇందు సిలిండర్లు నాలుగు, వాల్వులు పదునారు. మొత్తము పరిమాణము 1248 ఘన సెంటీమీటర్లు. సిలిండరు వ్యాసము 69.6 మిల్లీమీటర్లు, పిస్టను నడక 82 మిల్లీమీటర్లు. మొదటి స్విఫ్టులో దీని బలము నిమిషమునకు 4000 చుట్లవద్ద 75 గుఱ్ఱములు. త్రిప్పుడు శక్తి 2000 చుట్లవద్ద 190 న్యూటన్ మీటర్లు. తరువాత వచ్చిన 90 గుఱ్ఱముల రకము ఎర్టిగా మున్నగు బరువు కార్లలో వేయబడినది. మన పొలములలోని 5 గుఱ్ఱముల నీళ్ల ఇంజనుతో పోల్చి చూచిన యెడల ఈ చిన్న వస్తువు ఎంత పని చేయుచున్నదో తెలియగలదు.

2000 చుట్లవద్ద ఒక్కొక్క సిలిండరులో నిమిషమునకు వేయిమార్లు డీజిల్ మండును. ప్రతిమారును ఆ డీజిల్ ఒక్క ధారగా గాక పలు చిన్న చిమ్ముళ్లుగా లోనికి పోవును. మల్టీజెట్ అను పేరు అందువలననే కలిగినది. ఇంత సూక్ష్మమైన పనిచేయు ఇంజెక్టర్లకు కల్తీ, నీరు, దుమ్ము అను మూడును బద్ధశత్రువులు.

పోషణము

మొదటిది ఇంజను ఆయిలు. ఇందు పట్టునది సుమారు మూడు లీటర్లు మాత్రమే. ఈ కొలదిపాటి ఆయిలే టర్బోను తేల్చి త్రిప్పవలయును. అది నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగును. టైమింగు గొలుసును కాపాడవలసినదియు ఈ ఆయిలే. బెల్టు లేదు గనుక మార్చు ఖర్చు లేదని కొందఱు సంతసింతురు. నిజమే గాని, ఆయిలు నల్లబడి జిగురైనను, మట్టము తగ్గినను ఆ గొలుసు సాగును. కారుతో వచ్చిన పుస్తకమున చెప్పిన రకపు ఆయిలునే పదివేల కిలోమీటర్లకు గాని, సంవత్సరమునకు గాని, ఏది ముందైన దానికి మార్చవలెను. దూరప్రయాణము చేసి వచ్చినంతనే తాళము కట్టక ఒక నిమిషము నెమ్మదిగా తిరుగనిచ్చిన యెడల టర్బో చల్లబడును.

రెండవది డీజిల్. నీళ్ల ఇంజను కొఱకు పీపాలో నిలువయుంచిన డీజిలును కారులో పోయరాదు. పీపా అడుగున చేరిన నీరు, తుప్పు నీళ్ల ఇంజనును దగ్గించి విడుచును. కారు ఇంజెక్టర్లను మాత్రము చెఱచును. కిరసనాయిలు కలుపుట అంతకంటె చెడ్డది. డీజిల్ ఫిల్టరులో నీరు చేరినట్లు దీపము వెలిగినచో ఆ దినముననే తీయించవలెను.

మూడవది గాలి. మాసూళ్ల కాలమున గడ్డిధూళి, వేసవిలో గట్లమీది మట్టి గాలి ఫిల్టరును త్వరగా మూసివేయును. అట్టి యూళ్లవారు గడువునకు ముందే దానిని చూడవలెను. రేడియేటరులో కాలువనీరు గాని బోరునీరు గాని పోయక, తగిన కూలెంటునే వాడవలయును. తీరప్రాంతపు ఉప్పునీరు లోపలి లోహమును తినివేయును.

వరదనీరు

మన ప్రాంతమున అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే. 1986లోను, 2022 జూలైలోను గోదావరి పొంగినప్పుడు లంకగ్రామములు ఎట్లుండెనో చెప్పనక్కరలేదు. ఒక్కొక్క సిలిండరు పరిమాణము 312 ఘన సెంటీమీటర్లు. పిస్టను పైకి వచ్చినప్పుడు మిగులు చోటు సుమారు 19 ఘన సెంటీమీటర్లు మాత్రమే. గాలి అదుముడుపడును గాని నీరు పడదు. నాలుగు చిన్న చెంచాల నీరు లోనికి పోయి యుండగా తాళము త్రిప్పినచో పిస్టను మోయు కడ్డీ వంగును. ఒక్కొకప్పుడు విఱిగి ఇంజను దిమ్మనే పగులగొట్టును.

కావున నీట మునిగిన కారును ఎట్టి పరిస్థితిలోను స్టార్టు చేయరాదు. నడుచుచుండగా నీటిలో ఆగిపోయినను మరల తాళము త్రిప్పరాదు. బ్యాటరీ తీగ విప్పి, కారును లాగించుకొని పోయి, మెకానిక్కుచేత సిలిండర్లలోని నీటిని వెడలింపజేసి, ఆయిలును ఫిల్టర్లను మార్పించిన పిదపనే నడుపవలెను. ఆయిలు కడ్డీ తీసి చూచినప్పుడు చల్లవలె తెల్లగా నున్నచో లోన నీరు చేరినదని గుర్తు. నీటిలో స్టార్టు చేయుటవలన కలిగిన ఇంజను నష్టమును సాధారణ బీమా పెక్కుమారులు భరింపదు. దానికి ఇంజను రక్షణ అను ప్రత్యేకపు చేర్పు కావలెను. వరద యూళ్లవారు బీమా కాగితమును నేడే చదివించుకొనుట మేలు.

కొనువారికి

పాత కారును ప్రొద్దుట, ఇంజను చల్లగా నున్నప్పుడే చూడవలెను. అప్పుడు స్టార్టు చేయించి గొలుసు గలగల వినబడునేమో చెవియొగ్గవలెను. నల్లపొగ, నీలిపొగ, తెల్లపొగ విడువక వచ్చుచున్నచో కారణము తెలియక బయానా ఇయ్యరాదు. తివాసీ క్రింద బురద, సీటు ఇనుములకు తుప్పు ఉన్నచో అది వరదలో మునిగిన కారని అనుమానింపవలెను. 15 సంవత్సరములు నిండిన కారునకు రిజిస్ట్రేషను పొడిగింపు, పరీక్ష తప్పవు; మొదటి స్విఫ్టులకు ఆ గడువు ఇదివరకే తీరినది.

ఇక లెక్క. నెలకు 500 కిలోమీటర్లు తిరుగు రైతు నొకని ఊహింతము. పెట్రోలు కారు లీటరునకు 16, డీజిల్ కారు 20 కిలోమీటర్లు పోవుననియు, ధరలు వరుసగా 110, 98 రూపాయలనియు అనుకొందము. పెట్రోలు ఖర్చు సుమారు 3,440 రూపాయలు, డీజిల్ ఖర్చు 2,450 రూపాయలు. నెలకు మిగులు వేయి రూపాయలకు లోపు. టర్బోగాని ఇంజెక్టర్లుగాని చెడినచో ఎన్నో నెలల మిగులు ఒక్కసారిగా పోవును. కావున సంతకును, ఆసుపత్రికిని, పెండ్లిండ్లకును మాత్రమే కారు తీయువారికి పెట్రోలు కారే మేలని మా అభిప్రాయము. అనుదినము అమలాపురమునుండి రాజమహేంద్రవరమునకు తిరుగు టాక్సీవానికి, దూరపు మార్కెట్లకు పోవు వ్యాపారికి డీజిల్ లాభకరము.

ఈ ఇంజను నమ్మదగినదే. కాని ఆ నమ్మకము దానియందు సగము, యజమాని శ్రద్ధయందు సగము ఉన్నది. పాడియావునకు వేళకు కుడితి పెట్టువాడే పాలు పితుకును. కారునకును వేళకు ఆయిలు పోయువాడే దానివలన సుఖపడగలడని సభ్యులు గమనింతురు గాక.