నెమ్మదిగా చూస్తేనే అండమాన్

ఎల్‌ఎఫ్‌సీలో అండమాన్ అనగానే మనలో చాలామంది ‘నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు’ ప్యాకేజీ తీసుకుంటాం. రోజుకో దీవి, పూటకో పడవ. ప్రయాణ ఖర్చు బ్యాంకు ఇస్తుంది కానీ సెలవు మన ఖాతాలోంచే డెబిట్ అవుతుంది. తిరిగొచ్చాక అలసట తీరడానికి మరో రెండు రోజులు సెలవు పెట్టాల్సి వస్తే ఆ ప్రయాణం వల్ల లాభమేమిటి?

అండమాన్‌కు తనదైన వేళ ఉంది. గడియారం మనదే అయినా, తూర్పున ఉండటంతో విశాఖ కంటే అరగంటకు పైగా ముందే తెల్లవారుతుంది, ముందే చీకటి పడుతుంది. త్వరగా పడుకుని, వేకువనే లేచి నడిస్తే శరీరం దానంతటదే తేరుకుంటుంది.

ఏ కాలంలో వెళ్లాలన్నది మనం కోరుకునే విశ్రాంతిని బట్టి ఉంటుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు వానలు తక్కువ, సముద్రం ప్రశాంతం. పగడాల దిబ్బలు చూడాలంటే, పిల్లలూ పెద్దలూ కలిసి వెళ్లాలంటే ఇదే అదను. నైరుతి రుతుపవనాలు కేరళ కంటే ముందే, మే నెలలోనే ఇక్కడికి చేరతాయి. అప్పుడు అడవి పచ్చగా ఉంటుంది, రద్దీ తగ్గుతుంది. కానీ పడవలు రద్దు కావచ్చు కాబట్టి తిరుగు విమానానికి ముందు ఒకటి రెండు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాల బెడద ఉంటుంది. చలికాలంలో ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గరి కాలీపూర్ తీరానికి తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. మన విశాఖ తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీలు కూడా వాటిలో ఉంటాయి.

వారం రోజులుంటే రెండు చోట్లు చాలు. శ్రీ విజయపురంలో (పాత పోర్ట్ బ్లెయిర్) మూడు రోజులు ఉండండి. 1906లో నిర్మాణం పూర్తయిన సెల్యులార్ జైలుకు ఒక పూట పూర్తిగా కేటాయించండి. ఆ ఇరుకు గదుల ముందు పిల్లలు అడిగే ప్రశ్నలకు తీరిగ్గా జవాబు చెప్పాలి. మిగతా రోజులు స్వరాజ్ ద్వీప్‌లో (పాత హేవ్‌లాక్) గడపండి. ఉదయం కాలాపత్థర్‌లో, సాయంత్రం రాధానగర్‌లో కూర్చోవడమే కార్యక్రమం.

భాష బెంగ అక్కర్లేదు. 2011 జనగణన ప్రకారం అక్కడ ప్రతి వందమందిలో సుమారు 13 మంది మాతృభాష తెలుగే. బజారులో ఒక మాట కలిపితే ఏ చేప తాజాదో, రేపు పడవ నడుస్తుందో లేదో తెలుస్తుంది. ఏ ప్యాకేజీ కాగితంలోనూ ఆ కబురు ఉండదు.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవకూడదు. తీరంలో దొరికే పగడాలు, గవ్వలు ఇంటికి తెచ్చుకోవద్దు. బారాటాంగ్ వెళ్లే రోడ్డు జరావాల అడవిలోంచి సాగుతుంది. అక్కడ వాళ్లను ఫోటో తీయడం, తినుబండారాలు ఇవ్వడం నేరం. వాళ్లు మన వినోదం కోసం లేరని ప్రయాణానికి ముందే పిల్లలకు చెప్పాలి.

ఈసారి సెలవు దరఖాస్తు పెట్టే ముందు చూడాల్సిన చోట్ల జాబితాలో సగం కొట్టేయండి. మిగిలిన సమయమే అసలైన విశ్రాంతి.