కొండవిద్య, మంచువిద్య



హిమాలయ ప్రయాణమను మాట చెవిని బడగనే మనవారికి మహాప్రస్థానము జ్ఞప్తికి వచ్చును. పాండవులు ఉత్తరాభిముఖులై పోయినవారు మరల హస్తినకు రాలేదు గదా! కావుననే జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు పల్లెలలో ఒక పిల్లవాడో పిల్లయో “కొండలెక్కు విద్య నేర్చెదను, మంచుమీద జారు ఆట నేర్చెదను, దానితోనే బ్రతికెదను” అన్నచో ఇంటివారు మొదట నవ్వుదురు, పిమ్మట భయపడుదురు, కడపట కాదందురు. కాదనుటకైనను ఔననుటకైనను ఆ విద్య యెట్టిదో తెలిసియుండుట మేలు. నేను ఆ శిఖరముల నెక్కినవాడను గాను. కాని విద్య యేదైనను దాని క్రమమేమి, గురువెవరు, ఫలమేమి, అపాయమేమి యని విచారించుట బడిపంతులు పని. ఆ విచారణ ఫలమునే నేడు మనవి చేయుచున్నాను.

ఈ విద్యకు ముఖ్యముగా మూడు శాఖలు కలవు. త్రాళ్లతోను మేకులతోను శిఖరముల నెక్కుట పర్వతారోహణము. రెండు పొడవైన పలకలను పాదములకు బిగించుకొని మంచువాలున జారుట స్కీయింగు. వెడల్పైన చక్రములు గల సైకిలుపై రాళ్లబాటల ఎక్కిదిగుట మూడవది; దీనిని మౌంటెన్ బైకింగు అందురు. చూచువారికి ఈ మూడును సాహసములుగనే కనబడును. నేర్పువారు మాత్రము మూడింటను మొట్టమొదట ఆగుటయు, పడుటయు, దిగుటయు నేర్పుదురు. అభిమన్యునకు పద్మవ్యూహమును జొచ్చుట తెలిసినది, వెలువడుట తెలియలేదు. అతని శౌర్యమునకు లోపము లేదు, విద్యకే లోపము. కొండవిద్యలోని మర్మమంతయు ఈ ఒక్క కథలో నున్నది.

మనవారిలో దీనికి తగిన నిదర్శనము కలదు. 2014వ సంవత్సరము మే 25వ తేదీన, ఉమ్మడి రాష్ట్రము విడిపోవుటకు కొలది దినములు ముందు, ఇద్దరు తెలుగు పిల్లలు ఎవరెస్టు శిఖరమును చేరిరి. ఒకతె నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ. ఆమెకు అప్పటికి పదునాలుగేండ్లు నిండలేదు. రెండవవాడు మన పొరుగున నున్న ఖమ్మము జిల్లావాడు, సాధనపల్లి ఆనందకుమార్. ఇద్దరును సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల విద్యార్థులు. పూర్ణ తలిదండ్రులు కూలిపని చేసి జీవించువారు. పదునారేండ్లు నిండనివారికి నేపాళ ప్రభుత్వము అనుమతి నీయదు గనుక వారు టిబెట్టు వైపునుండి ఎక్కిరి.

ఆ పిల్లలు ఒక్కనాడు లేచి ఎవరెస్టునకు పోయినవారు కారు. పర్వతారోహకుడైన బచినేపల్లి శేఖరబాబు శిక్షణలో ముందుగా భువనగిరి కోటబండపై త్రాడు పట్టుట నేర్చిరి. ఆ బండ యెక్కిన పెక్కుమందిలో కొందరు మాత్రమే డార్జిలింగునకు పోయిరి. అక్కడ నిలిచినవారిలో మరికొందరు లడఖు ప్రాంతమున చలికాలపు మంచులో శరీరమును అలవరచుకొనిరి. కడకు మిగిలినది ఇద్దరు. గుణింతము రానివానికి వాచకము చేతికీయనట్లే, ఒక మెట్టు కుదరనిదే వారిని రెండవ మెట్టునకు పంపలేదు.

ఈ విద్యకు మనదేశమున గౌరవనీయములైన పాఠశాలలు కలవు. 1953లో టెన్సింగు నార్గే, హిల్లరీలు ఎవరెస్టు నెక్కిన పిమ్మట, 1954లో డార్జిలింగున హిమాలయ పర్వతారోహణ సంస్థ వెలసెను. టెన్సింగే అచ్చట క్షేత్రశిక్షణకు మొదటి అధిపతి. మనాలిలోని సంస్థ 1961లోను, ఉత్తరకాశిలోని నెహ్రూ సంస్థ 1965లోను ఏర్పడినవి. ప్రథమ శిక్షణ ఇంచుమించు నాలుగు వారములుండును. అందు ఉత్తమశ్రేణి పొందినవారికే పై శిక్షణలో ప్రవేశము. అటుపిమ్మట ఆపదలో నున్నవారిని రక్షించు శిక్షణయు, ఇతరులకు నేర్పు శిక్షణయు వేరువేరుగా నుండును. చేరువారు వైద్యుని ధ్రువపత్రము చూపవలెను. రుసుము మారుచుండును గనుక ఆ సంస్థకే వ్రాసి తెలిసికొనుట మంచిది.

ఎత్తైన చోట దేహమున కేమగునో కొంచెము వివరించెదను. సముద్రమట్టమునుండి పదునెనిమిదివేల అడుగులు పోయినచో గాలి యొత్తిడి సగమునకు దిగును. ఎవరెస్టుపై మూడవవంతు మాత్రమే మిగులును. ఊపిరికి ఊపిరికి అందు ప్రాణవాయువు ఆ మేరకు తగ్గును. దేహమునకు వ్యవధి యిచ్చినచో అది క్రమముగా సర్దుకొనును. వ్యవధి యీయక తొందరపడినచో తలనొప్పి, వాంతులు, నిద్రలేమి పుట్టును. ముదిరినచో ఊపిరితిత్తులలోను మెదడులోను నీరు చేరి ప్రాణాపాయము గలుగును. కావుననే పదివేల అడుగులు దాటిన పిమ్మట పండుకొను తావును దినమునకు సుమారు వేయిన్ని అయిదువందల అడుగులకు మించి పెంచరాదనియు, మూడు నాలుగు దినముల కొకపరి విశ్రమించవలెననియు నియమము. వ్యాధి ముదిరినచో ఏ మందునకన్నను ముందు చేయవలసినది క్రిందికి దిగుట. బలిష్ఠుడు గూడ దీనికి లోబడవలసినవాడే.

ఇక స్కీయింగు. కాశ్మీరములోని గుల్మార్గు, మనాలి చేరువనున్న సోలాంగు, ఉత్తరాఖండములోని ఔలీ దీనికి ప్రసిద్ధ స్థలములు. గుల్మార్గున కేంద్రప్రభుత్వపు శిక్షణసంస్థ కలదు. ప్రారంభశిక్షణ రెండు వారములు పట్టును. మొదట పలకల ముందుకొసలను దగ్గరకు చేర్చి, వెనుకకొసలను విప్పి, నాగలివలె మంచును ఒరసికొనుచు ఆగుట నేర్పుదురు. ఆగుట రానిదే వాలు చూపరు. అయితే ఒక నిజమును దాచరాదు. గుల్మార్గు ప్రాంతమువాడైన ఆరిఫ్‌ఖాన్ నాలుగేండ్ల ప్రాయమునుండి మంచుపై పెరిగినవాడు. 2022లో బీజింగు శీతకాల ఒలింపిక్సునకు భారతదేశమునుండి పోయిన క్రీడాకారుడు అతడొక్కడే. ఒక పోటీలో 45వ స్థానము పొందెను. వేసవిలో 45 డిగ్రీల ఎండ కాయు మన మెట్టలో పుట్టి, పదునెనిమిదేండ్లకు మొదటిసారి మంచును జూచినవాడు పతకము తెచ్చుననుట పిల్లల నాసపెట్టుటయే యగును. మార్గదర్శకుడు, శిక్షకుడు, రక్షణదళమువాడు అగుటకు మాత్రము అవకాశము కలదు.

సైకిలు విద్యకు మన ఊరే పాఠశాల. ఈ పందెము 1996లో అట్లాంటా ఒలింపిక్సున ప్రవేశించెను. మనదేశమునను జాతీయపోటీలు జరుగును. నల్లరేగడి డొంకలు, గులకరాళ్ల బండిబాటలు, కొండపల్లి కొండల వాలులు దీనికి చాలును. దిగునపుడు పీటమీద కూర్చుండక, తొక్కుడుపలకలపై నిలిచి, నడుమును వెనుకకు జరపవలెను. చక్రము క్రిందనున్న రాతిని గాక ముందున్న బాటను చూడవలెను. ముందుబ్రేకును ఒక్కసారిగా బిగించినచో మనిషి చేతిపిడి మీదుగా బోర్లపడును. రెండు బ్రేకులను మెల్లమెల్లగా కలిపి పట్టవలెను. తలకు గట్టి టోపీ లేనిదే సైకిలు ముట్టరాదు.

పర్వతారోహణమునకు గూడ పునాది ఇచ్చటనే వేయవచ్చును. తెల్లవారుజామున మునేటి యిసుకలో పరుగెత్తుట, వీపున బరువు నుంచుకొని కొండమెట్లు ఎక్కుట, ముఖ్యముగా ఆ బరువుతోనే దిగుట. ఏడాది యిట్లు విడువక చేసినవాని సంకల్పము గట్టిదని నమ్మవచ్చును. నెల తిరుగకముందే మానినచో ఖర్చు లేకయే సంగతి తేలిపోవును.

అపాయము లేదని నేను చెప్పను. నెల్లూరు జిల్లాలోని సంగము ప్రాంతమునకు చెందిన మల్లి మస్తాన్‌బాబు 2006లో ఏడు ఖండముల ఉన్నతశిఖరములను 172 దినములలో ఎక్కిన ఘనుడు. కోరుకొండ సైనిక పాఠశాలలో చదివి, పెద్ద విద్యాసంస్థలలో పట్టములు పొందినవాడు. అట్టివాడు 2015లో దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వతములలో ఒంటరిగా ఎక్కుచు ప్రాణములు కోలుపోయెను. 2022 అక్టోబరు 4వ తేదీన ద్రౌపదీ కా దండా అను శిఖరముపై మంచుచరియ విరిగిపడగా, ఉత్తరకాశి సంస్థకు చెందిన శిక్షణార్థులును శిక్షకులును 25 మందికి పైగా మరణించిరి. అదే సంవత్సరము ఎవరెస్టు నెక్కివచ్చిన సవితా కన్‌స్వాల్ అను శిక్షకురాలు వారిలో నొకతె. మంచి గురువులు, మంచి పాఠశాల ఉన్నను ఆపద పూర్తిగా తొలగదు, తగ్గును. ఈ మాట తెలిసియే పంపవలెను, తెలిసియే మాన్పవలెను.

కావున బిడ్డ వచ్చి అడిగినప్పుడు మీరు అయిదు ప్రశ్నలు వేయుడు. నేర్పువాడెవరు, అతడు ఏ సంస్థలో ఏ శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను? దారిలో జబ్బు చేసినచో దింపు ఏర్పాటేమి? ఖర్చెవరిది, బీమా కలదా? చదువు ఎంతవరకు సాగినది, ఈ వృత్తి కుదరనిచో చేతనున్న రెండవ విద్య యేది? అయిదవది అన్నిటికంటె ముఖ్యము: శిఖరము నూరు గజముల దూరముననున్నను, గాలి మారినచో, గురువు వెనుకకు మరలుమన్నచో మరలుదువా? ఈ కడపటి ప్రశ్నకు తడుముకొనక “మరలుదును” అన్నవానిని పంపవచ్చును. “ఇంతదూరము వచ్చి మరలుటయా?” అని రోషపడువానిని మరియొక యేడాది ఇంటనుంచుడు. “ఎవరెస్టు నెక్కించెదము, పైకము కట్టుడు” అని పాఠశాల పేరు చెప్పక వచ్చువానికి గుమ్మము చూపుడు.

ఊరివారును ఒక మాట గుర్తుంచుకొనవలెను. మరలివచ్చిన బిడ్డను ఓడివచ్చెనని ఎగతాళి చేయరాదు. ఆ ఎగతాళికి జడిసియే కొందరు మరలవలసినచోట మరలక ముందుకు పోవుదురు. రచ్చబండమీద మనమాడు మాట అంత ఎత్తునకును వినబడును.

సెలవు.