శనగ, కొర్రల బర్గర్: ఒకే చేని రెండు పంటలు ఒకే కంచంలో

కర్నూలు, నంద్యాల, ప్రకాశం జిల్లాల నల్లరేగడి భూములలో ఖరీఫ్‌లో కొర్ర, రబీలో శనగ వేసే పంటల సరళి రైతులకు పరిచితమే. కొర్ర 80–90 రోజులలో కోతకు వచ్చి, నేలలో మిగిలిన తేమను శనగకు వదులుతుంది. ఒకే చేనిలో పండే ఈ రెండు పంటలూ ఒకే కంచంలో కలవడం మాత్రం అరుదు. శనగలు విపణికి పోతాయి, కొర్రలు ఇంటి వంటలో అప్పుడప్పుడే కనిపిస్తాయి. యువతరమేమో మైదా బన్ను మధ్య పెట్టిన బంగాళాదుంప ప్యాటీని ఇష్టంగా తింటోంది. వారి అభిరుచిని నిందించడం వలన ప్రయోజనం లేదు. ఆ ప్యాటీని శనగ, కొర్రలతో ఇంట్లోనే చేయవచ్చునని చూపడం మేలు.

కలయిక వెనుక శాస్త్రం

ధాన్యాల మాంసకృత్తులలో లైసిన్ తక్కువ. పప్పుధాన్యాలలో లైసిన్ సమృద్ధిగా ఉన్నా మిథియోనిన్ కొరవడుతుంది. రెండింటినీ కలిపి తింటే ఒకదాని లోటును మరొకటి పూరిస్తుంది. ఇందుకు మూడు పాళ్ళు ధాన్యం, ఒక పాలు పప్పు చాలునని పోషకాహార శాస్త్రం సాధారణంగా సూచిస్తుంది.

అయితే ప్యాటీలో పప్పు పాలు ఎక్కువగా ఉండాలి. 100 గ్రాముల శనగలకు 50 గ్రాముల కొర్ర బియ్యం సరిపోతుంది. ఎందుకంటే బన్ను కూడా ధాన్యమే. ఒక్కో బన్నులో సుమారు 40 గ్రాముల పిండి ఉంటుందనుకుంటే, ఆరు బన్నులకు 240 గ్రాములు. దానికి కొర్రలు కలిస్తే ధాన్యం 290 గ్రాములు, శనగ 100 గ్రాములు. అంటే దాదాపు 3:1 నిష్పత్తి. ప్యాటీని విడిగా కాక, బర్గర్ మొత్తాన్ని ఒక భోజనంగా లెక్కించినప్పుడే ఈ సమతుల్యత కనిపిస్తుంది.

తయారీ విధానం

శనగలను 8–10 గంటలు నానబెట్టి, ఆ నీటిని పారబోసి, వేళ్ళ మధ్య సులభంగా నలిగేంత వరకు ఉడికించాలి. నానబెట్టడం వలన ఫైటేట్లు కొంత తగ్గుతాయి. ఉడికించడం వలన జీర్ణక్రియకు అడ్డుపడే ట్రిప్సిన్ నిరోధకాలు చాలావరకు నిర్వీర్యమవుతాయి. వేడి, తేమ గల చోట చాలాకాలం నిల్వ ఉన్న శనగలు ఆలస్యంగా ఉడుకుతాయి కనుక ఇటీవలి పంటను వాడడం మంచిది. కొర్ర బియ్యాన్ని కడిగి, రెండున్నర రెట్ల నీటితో మెత్తగా వండి, పళ్ళెంలో పరచి చల్లార్చాలి.

ఉడికిన శనగలను నీరు పూర్తిగా వార్చి, కచ్చాపచ్చాగా మెదపాలి. కొర్రన్నం, సన్నగా తరిగిన ఉల్లి, నీరు పిండిన క్యారట్ తురుము, అల్లం, పచ్చిమిర్చి, జీలకర్ర, కొత్తిమీర, ఉప్పు, రెండు చెంచాల పుట్నాల పొడి చేర్చి కలపాలి. ఆరు ముద్దలుగా చేసి, బిళ్ళలుగా అదిమి, అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, పెనంపై కొద్ది నూనెతో రెండు వైపులా నాలుగైదు నిమిషాల చొప్పున కాల్చాలి. తినేటప్పుడు నిమ్మరసం పిండితే అందులోని విటమిన్ సి ఇనుము శోషణకు తోడ్పడుతుంది. ఒక్కో ప్యాటీ నుండి సుమారు 4 గ్రాముల మాంసకృత్తులు లభిస్తాయి.

విరిగిపోతే కారణమేమి?

కొర్రలో గ్లూటెన్ ఉండదు. అందువలన ప్యాటీని పట్టి ఉంచే పని పిండిపదార్థానిదే. వేడిగా ఉన్న అన్నం జారుతుంది. చల్లారిన కొద్దీ అందులోని పిండిపదార్థం గట్టిపడి ముద్ద నిలుస్తుంది. ప్యాటీ విరగడానికి సాధారణంగా కారణం మిశ్రమంలో మిగిలిన నీరే. అటువంటప్పుడు పిండి గుప్పించే ముందు, శనగలను సరిగా వార్చారా, కొర్రన్నం పూర్తిగా చల్లారిందా అన్నది పరిశీలించాలి. తడి మిశ్రమాన్ని గది ఉష్ణోగ్రతలో రెండు గంటలకు మించి ఉంచరాదు.

మసాలా వడ, అలసంద వడ చేసే తెలుగింటి వంటకు పప్పును నానబెట్టి బిళ్ళగా అదమడం కొత్త విద్య కాదు. ఇక్కడ మారినవి మూడే: పప్పును ముందుగా ఉడికించడం, ధాన్యం చేర్చడం, నూనెలో వేయించక పెనంపై కాల్చడం.

విస్తరణ సిబ్బందికి

ఐక్యరాజ్యసమితి 2016ను పప్పుధాన్యాల సంవత్సరంగా, 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. ఆ ఉత్సాహం నిలవాలంటే తినేవారు పెరగాలి. పండించిన కుటుంబమే తినని పంటను విపణి ధర ఒక్కటే ఎంతకాలం నిలబెట్టగలదు? క్షేత్ర దినోత్సవాలలో విత్తన రకం, ఎరువు మోతాదుతో పాటు ఒక పెనం, ఒక గిన్నె శనగలు, అరగిన్నె కొర్రలు కూడా ఉంచాలి. గృహవిజ్ఞాన విభాగపు సహకారంతో ఈ ప్రదర్శన అరపూటలో ముగుస్తుంది. విద్యార్థులు తమ వసతి గృహాలలోనే దీనిని చేసి, జొన్న, అలసందలతో నిష్పత్తులు మార్చి, రుచి, గట్టిదనం, ఖర్చులను నమోదు చేయవచ్చు. పంటల సరళిపై రైతుకు ఇచ్చే సలహా వంటింటి వరకు చేరినప్పుడే సంపూర్ణమవుతుంది.